బళ్ళారి సరిహద్దు – క్రికెట్టు ఎంపికలు

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము అవతరించినది. అంతవరకు మద్రాసు రాష్ట్రములో ఒక్కటిగా ఉన్న మా బళ్ళారి జిల్లాలో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చినవి. తక్కినవి మైసూరులో చేరినవి. బళ్ళారి తాలూకా సంగతి వాంఛూ గారి నివేదికలో తేలక, మిశ్రా గారి విచారణ జరిగి, చివరకు అందులో అధిక భాగము మైసూరుకే పోయినది. ఆ గీత వలన తుంగభద్ర నీళ్ళకు, బడులకు, కచేరీ భాషకు ఏమి జరిగినదో పెద్దలు చాలా వ్రాసినారు. అంతకంటె చిన్న విషయము ఒకటి ఉన్నది, దానిని ఎవరూ పట్టించుకోలేదు. బంతి బాగా వేయగల కుర్రవాడు ఎవరి తలుపు తట్టవలెను? గీతకు అవతల ఆదోని పిల్లవాడు కర్నూలు జిల్లా తరఫున ఆంధ్ర జట్టు కోసము చూడవలెను. ఇవతల సిరుగుప్ప పిల్లవాడు రాయచూరు మండలము ద్వారా బెంగుళూరు దాకా పోవలెను. ఇద్దరి ఇళ్ళలోనూ తెలుగే, ఇద్దరూ తినేది జొన్నరొట్టే.

విచిత్రమేమంటే ఆ 1953–54 లోనే ఆంధ్ర జట్టు రంజీ పోటీలలో తొలిసారి అడుగుపెట్టినది. అప్పటికి ఏబది ఎనిమిదేండ్లకు చేరిన సి.కె. నాయుడు గారు ఆ జట్టు తరఫున ఆడినారు. నాయుడు గారి కథ మనవంటి వలస కుటుంబాల కథే. పూర్వులు మచిలీపట్నం ప్రాంతమువారు; ఆయన పుట్టినది మాత్రము నాగపూరులో, 1895 లో. పేరు తెచ్చుకొన్నది ఇందూరు హోల్కరు జట్టులో. 1926 డిసెంబరులో బొంబాయిలో ఎం.సి.సి. మీద 153 పరుగులు చేసి, అందులో 11 సిక్సర్లు కొట్టినప్పుడు ఆయనకు 31 ఏండ్లు. అప్పటికి మన దేశానికి టెస్టు జట్టే లేదు. 1932 జూన్ 25న లార్డ్సులో మొదటి టెస్టు మొదలైనప్పుడు ఆయనకు 36. ఆ జట్టుకు నాయకుడుగా పోర్‌బందరు మహారాజా వెళ్ళినారు. తన ఆట సంగతి తనకు తెలిసిన ఆ పెద్దమనిషి టెస్టు నాడు ప్రక్కకు తప్పుకొని నాయుడు గారికి నాయకత్వము అప్పగించినారు. సంస్థానాధీశులలో అటువంటి వివేకము అరుదు.

ఎంత అరుదో నాలుగేండ్లకే తెలిసినది. 1936 లో ఇంగ్లండు వెళ్ళిన జట్టుకు నాయకుడు విజయనగరం మహారాజకుమార్, అందరూ పిలిచే పేరు విజ్జీ. ఆయనా మన తెలుగు రాజవంశమువారే. మూడు టెస్టులలో ఆయన చేసిన పరుగులు మొత్తము 33. 1933 లో దేశానికి తొలి టెస్టు సెంచరీ కొట్టిన లాలా అమర్‌నాథ్‌ను, అప్పటికి 24 ఏండ్లవాడిని, మొదటి టెస్టుకు ముందే ఇంటికి పంపివేసినారు. ఆ ఆటగాని దోషము ఎంతైనా కానిండు, పడవ ఎక్కించి పంపవలసినంత నేరము కాదని మా అభిప్రాయము. అయితే అదే పర్యటనలో మాంచెస్టరు టెస్టులో కోటా రామస్వామి గారు తొలిసారి దిగినారు. మద్రాసు బుచ్చిబాబు నాయుడు గారి కుమారుడు, అంతకుముందే డేవిస్ కప్పు టెన్నిసు ఆడినవాడు. అప్పటికి ఆయన వయస్సు 40. చేసినవి 40, 60. తరువాత ఓవలులో 29, అవుటు కాకుండ 41. రెండు టెస్టులకే ఆయన టెస్టు చరిత్ర ముగిసినది. సగటు మాత్రము 56 దాటినది. విజ్జీ, సి.కె., రామస్వామి ముగ్గురు తెలుగువారూ ఒకే టెస్టులో ఉన్నారు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఆటతో వచ్చినవారు.

కుర్రవాళ్ళకే చోటివ్వవలెనని ఈనాడు గట్టిగా వాదించేవారు రామస్వామి గారిని ఒకసారి తలచుకొంటే మంచిది. ఐనను మొత్తముమీద చరిత్ర కుర్రవాళ్ళ పక్షమే. ఇందుకు సాక్ష్యము మా గీతకు ఇరుప్రక్కలా దొరుకుతున్నది.

మైసూరు జట్టు 1960 ల నాటికి బలపడినది. పోలియో వలన కుడిచేయి సన్నగిల్లిన చంద్రశేఖరును 18 ఏండ్లకే, 1964 జనవరిలో, టెస్టుకు తీసికొన్నారు. ఆ చేతితోనే ఆయన ప్రపంచమును గడగడలాడించినాడు. 1967 నవంబరులో విజయవాడలో మైసూరు ఆంధ్రతో రంజీ ఆట ఆడినది. తొలి ఆటకు దిగిన 18 ఏండ్ల గుండప్ప విశ్వనాథ్ ఆంధ్ర బౌలర్ల మీద 230 పరుగులు చేసినాడు. రెండేండ్లకు, 1969 లో, కాన్పూరులో ఆస్ట్రేలియా మీద తొలి టెస్టు. మొదటి ఇన్నింగ్సులో సున్న, రెండవదానిలో 137. ఆ సున్నను చూచి సెలక్టర్లు పెదవి విరిచి ఉంటే? విరువలేదు, ఎందుచేతనంటే వెనుక ఉన్న రాష్ట్రము బలమైనది, నాలుగు కండ్లు అతనిని చూచి ఉన్నవి. ఆ జట్టే 1973–74 లో బొంబాయివారి వరుస 15 రంజీ విజయములకు అడ్డుకట్ట వేసి కప్పు గెలిచినది. ఆ సంవత్సరమే రాష్ట్రానికి కర్ణాటక అన్న పేరు వచ్చినది.

ఇవతలి పిల్లవానికి కష్టము జట్టులోనికి చేరడములో. చేరితే దేశము చూస్తుంది. అవతలి పిల్లవానికి చేరడము కొంత సులువు. చేరినా చూచేవారు తక్కువ. ఆంధ్ర జట్టులో పెరిగి టెస్టు ఆడిన మొదటివాడని చెప్పుకొనే గుంటూరు ఎం.ఎస్.కె. ప్రసాద్‌కు ఆ అవకాశము 1999 లో గాని రాలేదు. 1953 నుండి లెక్కిస్తే 46 ఏండ్లు. హైదరాబాదు సంగతి వేరు. అది 1937–38 లోనే రంజీ గెలిచిన పాత జట్టు. 20 ఏండ్ల జయసింహను 1959 లో లార్డ్సులో ఆడించినారు.

ఈ ప్రసాద్ గారే 2016 లో సెలక్షన్ కమిటీకి అధ్యక్షులైనారు. 2019 ప్రపంచ కప్పు జట్టును ప్రకటించినప్పుడు అదే గుంటూరులో పుట్టిన అంబటి రాయుడు పేరు అందులో లేదు. రాయుడు 2004 లో పందొమ్మిదేండ్ల లోపువారి ప్రపంచ కప్పులో దేశానికి నాయకుడు. హైదరాబాదు, ఆంధ్ర, బరోడా జట్లు తిరిగి, 2007 లో బోర్డు ఒప్పుకోని లీగులో చేరి, 2009 లో క్షమాభిక్షతో తిరిగివచ్చి, చివరకు దేశము తరఫున ఒకరోజు ఆట ఆడినది 2013 లో. 2018 చివరినుండి నాలుగవ స్థానమునకు అతనినే సిద్ధము చేసినారు. 2019 ఫిబ్రవరిలో వెల్లింగ్టనులో 90 పరుగులు చేసినాడు. ఐనా విజయ్ శంకర్‌ను తీసికొని, అతని ఆటకు మూడు కోణములు ఉన్నవని ప్రసాద్ గారు చెప్పినారు. విజయ్ శంకర్ గాయపడగా పిలుపు వెళ్ళినది నిరీక్షణ జాబితాలో ఉన్న రాయుడుకు కాదు, అంతవరకు ఒక్క ఒకరోజు ఆటైనా ఆడని కర్ణాటక మయాంక్ అగర్వాల్‌కు. జూలై 3న రాయుడు ఆట విరమించినాడు. 55 ఆటలు, సగటు 47. సొంత ఊరివానికి పక్షపాతము చూపలేదని ప్రసాద్ గారిని మెచ్చుకొనవచ్చును. కాని ఒకనిని నెలల తరబడి సిద్ధము చేసి గడప దగ్గర వదలివేయడము న్యాయమని మాకు తోచలేదు. సెలక్టర్లను ఏ పద్ధతిలో వేసినా, చివరకు మాట చెప్పేవాడు మనిషే గదా.

ఇక మా పాత జిల్లా సంగతి. దేశపు జట్టులోనికి ఆదోని బిడ్డ ఒకరు చేరినారు; ఆమె ఆడపిల్ల. ఎడమచేతి పేసు బౌలరు కేశవరాజుగారి అంజలి శర్వాణి 1997 లో ఆదోనిలో పుట్టి, ఆంధ్ర, రైల్వేసు జట్లకు ఆడి, 2022 డిసెంబరులో నవీ ముంబయిలో ఆస్ట్రేలియా మీద తొలి ఇరవై ఓవర్ల ఆట ఆడినది. అప్పటికి ఆమెకు 25. ఆమె వెనుకనే కడప జిల్లానుండి శ్రీచరణి. ఈమెను 2025 ఏప్రిల్‌లో ఒకరోజు ఆటలోనికి తీసికొన్నప్పుడు ఇరవై యేండ్లే. ఏడు నెలలు తిరగకుండ, నవంబరు 2న నవీ ముంబయిలోనే మన ఆడపడుచులు ప్రపంచ కప్పు గెలిచినారు; ఆ పోటీలలో శ్రీచరణికి 14 వికెట్లు దక్కినవి. ఆమెకు ఇంకా అనుభవము రావలెనని ఒక్క సంవత్సరము ఆపి ఉంటే ఆ వికెట్లు ఎవరు తీసేవారో!

మన సంఘములోని పిల్లలు ఇప్పుడు ఏ ఊళ్ళో పెరుగుతున్నారో ఆ రాష్ట్రపు జట్టుకే ప్రయత్నించవలెను. పుట్టుకయో, చదువో, నివాసమో రుజువు చూపవలెను గాని, ఇంటి భాషను ఎవరూ అడుగరు. నాగపూరులో సి.కె. గారినీ అడుగలేదు. బళ్ళారిలో ఉన్న మా అన్నదమ్ముల పిల్లలు రాయచూరు మండలపు ఎంపికలకు వెళ్తున్నారు, ఆదోనిలోని మేనత్త పిల్లలు కర్నూలుకు వెళ్తున్నారు. పండుగకు కలిసినప్పుడు మాత్రము అందరూ ఒకే జట్టు. ఎవరు ముందు బ్యాటింగు చేయవలెనన్న తగవు ఇంకా తేలలేదు.