అయస్కాంతమును ఎంతవఱకు ఖండింపవచ్చును?

1269వ సంవత్సరము ఆగష్టు 8వ తేదీన, దక్షిణ ఇటలీయందలి లూచెరా పట్టణమును ముట్టడించియున్న సేనల శిబిరమునుండి, పీటర్ పెరెగ్రినస్ అను ఫ్రెంచి పండితుడు తన మిత్రునకొక దీర్ఘలేఖ వ్రాసెను. సూదంటురాతిని రెండుగా ఖండించినచో ఉత్తరధ్రువమొక ముక్కకును దక్షిణధ్రువము వేఱొక ముక్కకును పోవక, ప్రతిఖండమును రెండు ధ్రువములతోడి సంపూర్ణాయస్కాంతమే యగునని అతడందు వివరించెను. ఇట్లు ఖండించుచు ఖండించుచు పోయి పరమాణువును చేరినపుడు మిగులునదేమి యను ప్రశ్న ఆ లేఖయందే బీజరూపమున నున్నది. అది మొలకెత్తుటకు ఆఱువందల యేండ్లు దాటినవి.

1922లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున ఓటో స్టెర్న్, వాల్టర్ గెర్లాక్ అనువారు వెండిని శూన్యనాళమునందు కాచి ఆవిరిగావించి, ఆ పరమాణువుల సన్నని ధారను విషమమైన అయస్కాంతక్షేత్రము గుండ నడపి, గాజుపలకపై పడనిచ్చిరి. పలకపై మొదట నేమియు కానరాలేదనియు, తాను వంగి చూచుచుండగా మెల్లమెల్లగా నల్లని చాఱ పొడసూపినదనియు, చాలీచాలని జీతమున తాను కాల్చు చవుకచుట్టల పొగయందలి గంధకమే వెండిని నల్లబఱచినదనియు స్టెర్న్ పిమ్మట చెప్పుచుండెడివాడు. ఆ ధార రెండుగా చీలెను. ఒంటరి పరమాణువును అయస్కాంతమే యని తేలెను. అయినను అది శూన్యమున పరువిడు పరమాణువు. మనకు కావలసినదో, ఒకచోట కుదురుగా కూర్చుండి తన దిశను నిలుపుకొనునది.

1981లో జూరిక్ సమీపమునందలి ఐ.బి.ఎం. ప్రయోగశాలలో గెర్డ్ బిన్నిగ్, హైన్రిక్ రోరర్ అనువారు, లోహపు సూదిమొనను ఉపరితలమునకు తాకీతాకనట్లు నడపి, నడుమనున్న సందును దాటు విద్యుత్తును కొలుచుటచే పరమాణువులను ఒక్కొక్కటిగా గుర్తించు సూక్ష్మదర్శినిని నిర్మించిరి. 1990లో రోలాండ్ వీసెన్‌డాంగర్ మొదలగువారు ఆ సూదికి అయస్కాంతగుణము గల పదార్థమును వాడి, క్రోమియపు మెట్లపై అయస్కాంతదిశ మెట్టుమెట్టునకు తాఱుమాఱగుటను కనుగొనిరి. కాని ఇల్లు అలుకగనే పండుగ కాలేదు.

1998లో బంగారుతలముపై నుంచిన ఒంటి కోబాల్టు పరమాణువును పరీక్షింపగా, చుట్టునున్న బంగారపు ఎలక్ట్రానులు మూగి దాని అయస్కాంతత్వమును కప్పివేయుటకు ఆనవాళ్లు కనబడెను. ఆఱునెలలు సావాసము చేసిన వారు వీరగుదురన్న సామెత పరమాణువులకును చెల్లును. పీఠము మాఱినచో ఫలితమును మాఱును: 2003లో ప్లాటినముపై నుంచిన కోబాల్టు పరమాణువు ఒకే దిశకు మొగ్గుట యెంత బలీయమో లొజాన్ నగరపు శాస్త్రజ్ఞులు కొలిచి చూపిరి. అయినను లోహపీఠముపై ఆ పరమాణువు తన దిశను చిరకాలము నిలుపుకొనజాలదయ్యె.

అందుచే లోహమునకును పరమాణువునకును నడుమ మెగ్నీషియం ఆక్సైడు పొరనొకదానిని పఱచిరి. ఆ పలుచని తెర, లోహపు ఎలక్ట్రానుల తాకిడిని తగ్గించును. దానిపై కూర్చుండబెట్టిన హోల్మియం పరమాణువు, పరమశూన్య ఉష్ణోగ్రతకు 10 డిగ్రీల మీద సుమారు 1500 సెకనులు తన దిశను నిలుపుకొన్నట్లు 2016లో వెల్లడియయ్యెను. మఱుసటి యేడు అమెరికాలోని ఆల్మడెన్ ప్రయోగశాలలో అట్టి పరమాణువులు రెంటిని విద్యుత్ స్పందములతో తలక్రిందులుగావించి, చదివి, రెంటియందును కలిపి నాలుగు స్థితులను నిలిపిరి.

ఈ చరిత్రవలన తేలునదొకటి కలదు. అయస్కాంతత్వము పరమాణువు సొంత సొత్తే యైనను, దానిని కాపాడునది పరమాణువు పరిమాణము కాదు, అది కూర్చున్న చోటు. గది వేడిమియందును ఒంటి పరమాణువు నిలకడగా నుండదగిన పీఠము నేటికిని లభింపలేదు గనుక, పరమాణువులను వెదకుటకంటె తగిన చోటును సమకూర్చుటయే ఈ విద్యయందు ముందున్న పని.