చిల్లచెట్టు కథ

చెల్లెళ్లూ, మీ పెరట్లో చిల్లచెట్టు వుందా? లేదని చెప్పగల యిల్లు మా పర్చూరు చుట్టుపక్కల తక్కువే. సర్కారు తుమ్మ అంటే మిగతా జిల్లాల వారికీ తెలుస్తుంది. ఆ సర్కారు అన్న మాట వూరికే రాలేదు.

మా పెరడు వాగు వైపుకు వాలుగా వుంటుంది. అత్తగారు మంచాన పడిన నాలుగేళ్లూ అటు తొంగి చూచిన వాళ్లు లేరు. కంప పెరిగి దారి మూసుకుపోయింది. నిరుడు వేసవిలో మనుషుల్ని పెట్టి నేలకు సమంగా నరికించి, పీడా వదిలిందనుకున్నాను. తొలకరి పడిందో లేదో, ఒక్కో మోడుకు పదేసి పిలకలు! దాని ప్రాణం నేలలోపల, వేరు మొదట్లో వుంటుందిట. అక్కడిదాకా తవ్వి పెకలిస్తే తప్ప చావదు.

యింత మొండిది యెక్కణ్ణుంచి వచ్చిందా అని పుస్తకాలు తిరగవేశాను. పుట్టిల్లు అమెరికా ఖండం. మన దేశానికి పిలిచి తెచ్చింది దొరలే. 1876లో మద్రాసు రాజధాని అటవీ అధికారి బెడ్డోం గింజలు తెప్పించమని రెవెన్యూ శాఖకు వ్రాశాడు. 1877లో మన కడప జిల్లా కమలాపురంలో నాటారు. అవి ధాత కరువు రోజులు. యెండిన నేలలో కూడా వంటచెరకు యిచ్చే చెట్టు కావలసివచ్చింది. తరువాత దాన్ని మోసినవి మేకలూ, పశువులూ. కాయ తియ్యగా వుంటుంది, తింటాయి. గింజ మాత్రం అరగదు. పెంటతోపాటు పొలానికీ, పెరటికీ మనమే చేర్చుకున్నాం.

అంతకుముందు గట్లమీద రాజ్యం నాగజెముడుది. అదీ అమెరికాదే. 1926లో ఒక పురుగును తెచ్చి వదిలితే కొన్నేళ్లలో కుళ్లి పడిపోయింది. చిల్ల విషయంలో మనకా అదృష్టం పట్టలేదు. మా వూరు గుంటూరు జిల్లా నుంచి 1970లో ఒంగోలు జిల్లాకు మారింది. ఆ జిల్లాకే తరువాత ప్రకాశం పేరు పెట్టారు. 2022లో బాపట్ల జిల్లాలో చేరాం. చిల్లచెట్టు మాత్రం కదల్లేదు!

నేను యిలా తిట్టిపోస్తూ వుంటే వెనకింటి ముసలమ్మ వూరుకోలేదు. "దాన్ని తిట్టబాకమ్మాయ్, నలభయ్యేళ్లు మా పొయ్యి వెలిగించింది అదేగా" అంది. నిజమే. గ్యాసు రాకముందు పత్తికట్టె, మిరపకట్టె అయిపోయాక చిల్లే గతి. ముళ్లు దిగిన చేతులన్నీ ఆడవాళ్లవే. బెడ్డోం పేరు కాగితాల్లో వుంది గాని ఆ చేతుల మాట యెవరూ వ్రాయలేదు.

అంతా ఒక్కసారే పెకలించవద్దన్నదీ ఆమే. వేళ్ల పట్టు పోతే నల్లరేగడి వానకు వాగులోకి జారిపోతుంది. అందుకని యీసారి పైనుంచి కొంచెం కొంచెంగా తవ్వించాను. తవ్విన మేరకు వాలుకు అడ్డంగా వట్టివేరు వరసలు వేశాం. వాటి మధ్య కరివేపాకు, మునగ, నిమ్మ, గోరింట. జామ, బొప్పాయి, నాలుగు మిరప మొక్కలు కూడా పెట్టాను. యీ మూడూ ఆ అమెరికా నుంచే ఓడలెక్కి వచ్చినవని అప్పుడు గుర్తొచ్చి నవ్వుకున్నాను. గుంటూరు మిరప పరాయిదంటే మన వాళ్లెవరొప్పుకుంటారు!

వాగు అంచున రెండు చిల్లచెట్లు వుంచాను. ముసలమ్మకు యిప్పుడు గ్యాసు వుంది గాని, నీళ్లు కాచుకోవడానికి చిల్లకట్టెలే కావాలంటుంది. కాయ పండి రాలకముందే కోయించాలి.