ఖర్చుకి కళ్ళెం వేస్తే చిన్న జట్టు బాగుపడుతుందా?

సౌదీలో కార్ల పందెం అనగానే చాలామందికి 2021 డిసెంబర్‌లో జెడ్డా సముద్రతీరాన జరిగిన మొదటి ఫార్ములా వన్ పోటీ గుర్తొస్తుంది. నాకైతే 1978 గుర్తొస్తుంది. అప్పులతో నెట్టుకొస్తున్న ఫ్రాంక్ విలియమ్స్‌కి ఆ ఏడాది సౌదియా విమానసంస్థ అండ దొరికింది. కాస్‌వర్త్ ఇంజను డబ్బిచ్చి ఎవరైనా కొనుక్కోగలిగిన రోజులవి. 1979లో మొదటి గెలుపు, 1980లో ఏకంగా ప్రపంచ టైటిల్!

తర్వాత ఖర్చులు ఆకాశాన్నంటాయి. 2020లో విలియమ్స్ జట్టుకి ఒక్క పాయింటూ రాలేదు, ఆ ఏడే కుటుంబం దాన్ని అమ్మేసుకుంది. 2021లో జట్టుకి ఆ ఏడాది ఖర్చు 14.5 కోట్ల డాలర్లు మించకూడదని నిబంధన పెట్టారు. డ్రైవర్ల జీతాలు ఈ లెక్కలోకి రావు.

ఇక అందరూ సమానమే అనుకుంటాం కదా? కానీ పెద్ద జట్లు మంచి యంత్రాలూ, సాఫ్ట్‌వేరూ అప్పటికే సమకూర్చుకున్నాయి. విలియమ్స్ మాత్రం సుమారు 20 వేల విడిభాగాల లెక్కని ఎక్సెల్‌లో రాసుకుంటోందని 2024లో బయటపడింది. మా వృత్తిలో ఇలాంటివి చూసినవాళ్ళకి ఆ బాధ తెలుసు. కొత్త యజమాని దగ్గర డబ్బుంది, కానీ సామగ్రి మీద పెట్టుబడికీ పరిమితి ఉంది! చివరికి 2023లో వెనకబడ్డ జట్లకి అక్కడ కొంత సడలింపు ఇచ్చారు. 2025లో విలియమ్స్ ఐదో స్థానానికొచ్చింది.

పరిమితి వల్ల చిన్న జట్టు మూతపడకుండా నిలుస్తుంది, నిజమే. పైకి రావాలంటే మాత్రం పాత లోటు పూడ్చుకునేందుకు దానికి కాస్త ఎక్కువ ఖర్చుపెట్టుకోనివ్వాలి. మీరేమంటారు?