నమ్మకపు గొలుసు

కర్నూలు జిల్లా పశ్చిమ భాగమున ఆదోని, ఎమ్మిగనూరు అను రెండు పట్టణములు కలవు. ఆదోని పత్తి వ్యాపారమునకు, ఎమ్మిగనూరు చేనేతకు పేరుపొందినవి. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడువరకు ఈ ప్రాంతము బళ్ళారి జిల్లాలో ఉండెడిది. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరున నేతపనివారి సహకార సంఘమును స్థాపించెను. దూరదేశమున బట్ట కొనువాడు దానిని నేసినవాని ముఖము ఎన్నడును చూచి యుండడు. అయినను సంఘము పేరు చూచి కొనును. నేతగానికి సంఘము పూచీ. ఆ సంఘమునకు దానిని రిజిస్టరు చేసిన సహకార శాఖ పూచీ. ఇట్లు ఒక పూచీకి మరియొక పూచీ తగిలియుండుటను నమ్మకపు గొలుసు అనవచ్చును.

కంప్యూటర్లు మాటలాడుకొనునప్పుడు కూడ ఇట్టి గొలుసే పనిచేయును. ఆదోనిలో ఒక విద్యార్థి తన లినక్సు యంత్రము నుండి ఒక బ్యాంకు వెబ్‌సైటును పిలిచెననుకొందము. రెండు ప్రశ్నలు పుట్టును. మాటలను దారిలో ఇతరులు చదువకుండుట ఎట్లు? అవతల నున్నది నిజముగ బ్యాంకేనా?

మొదటి ప్రశ్నకు 1976లో డిఫీ, హెల్‌మన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు దారి చూపిరి. మునుపెన్నడు కలిసికొనని ఇద్దరు, అందరు వినుచుండగనే మాటలాడుకొని, తమకు మాత్రమే తెలిసిన తాళపుచెవిని ఏర్పరచుకొనవచ్చునని వారు నిరూపించిరి. కాని ఆ తాళపుచెవిని దొంగతోనే ఏర్పరచుకొన్నచో ప్రయోజన మేమి? అందుచేత రెండవ ప్రశ్న మరింత ముఖ్యమైనది. 1995లో నెట్‌స్కేప్ సంస్థ వెలువరించిన ఎస్.ఎస్.ఎల్. పద్ధతి, దానిని సవరించి 1999లో ప్రమాణముగ చేసిన టి.ఎల్.ఎస్. పద్ధతి, రెండు ప్రశ్నలకును కలిపి సమాధానము చెప్పినవి. వెబ్‌సైటు ఒక సర్టిఫికెట్టును చూపును. దానిపై ఒక మధ్యవర్తి సంస్థ సంతకము ఉండును. ఆ మధ్యవర్తికి ఒక మూలసంస్థ పూచీపడును. మూలసంస్థల సర్టిఫికెట్లు ముందుగనే మన యంత్రములో భద్రపరచబడి యుండును. 1998లో పుట్టిన ‘కర్ల్’ అను ప్రోగ్రాము, 2002 నుండి, ప్రత్యేకముగ అడుగకున్నను ఈ గొలుసును పరీక్షించుచున్నది.

ఈ పరీక్ష విలువ 2014 జూలైలో మన దేశముననే తెలిసినది. గూగుల్ వెబ్‌సైట్ల పేర అనుమతి లేని సర్టిఫికెట్లు పుట్టినట్లు ఆ నెల 2వ తేదీన బయటపడెను. అవి జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రము, అనగా ఎన్.ఐ.సి., ముద్రతో వెలువడినవి. భారత మూలసర్టిఫికెట్టు విండోస్ జాబితాలో ఉండుటచేత అవి అచ్చట చెల్లుబాటు కాగలిగినవి. ఫైర్‌ఫాక్సు జాబితాలో అది లేదు. ఆ జాబితానే పెక్కు లినక్సు వ్యవస్థలు అనుసరించును. అందుచేత అచ్చట అవి చెల్లవు. కావలివాడు తెలియని ముద్రను నిరాకరించుట ఇచ్చట మేలాయెను.

2021 సెప్టెంబరు 30న దీనికి విరుద్ధమైన సంగతి జరిగెను. ఉచితముగ సర్టిఫికెట్లనిచ్చు ‘లెట్స్ ఎన్‌క్రిప్ట్’ సంస్థ తొలిదినములలో వేరొక పాత మూలసర్టిఫికెట్టు ఆసరాతో నడచెను. ఆ పాతదానికి నాడు గడువు తీరినది. సంస్థకు సొంత మూలసర్టిఫికెట్టు అప్పటికే కలదు. కాని ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. 1.0.2 వంటి పాత ప్రోగ్రాములు గడువు తీరిన దారిని పట్టుకొని, రెండవ దారిని వెదకక, కనెక్షనును నిరాకరించినవి. వెబ్‌సైటులో దోషము లేదు. తాళములో దోషము లేదు. దోషమంతయు పిలిచినవాని యంత్రములోనే యున్నది. గడువు తీరినదానిని జాబితానుండి తొలగించి, క్రొత్త మూలసర్టిఫికెట్టు ఉన్నట్లు చూచుకొనగనే పని జరిగినది.

కాబట్టి కనెక్షను కుదరనప్పుడు గొలుసును ఒక్కొక్క లంకెగ పరీక్షింపవలెను. మొదట యంత్రపు గడియారము, తేదీ సరిగ నున్నవా చూడవలెను. తేదీ తప్పైనచో మంచి సర్టిఫికెట్టు కూడ గడువు తీరినట్లు తోచును. పిమ్మట సర్టిఫికెట్టులోని పేరు, పిలిచిన వెబ్‌సైటు పేరు ఒకటియేనా యని పోల్చవలెను. సర్వరు మధ్యవర్తి సర్టిఫికెట్టును పంపినదా? మన మూలజాబితా పాతబడినదా? కర్ల్‌ను ‘వెర్బోస్’ రీతిలో నడిపినచో గొలుసు ఎచ్చట తెగినదో చాలవరకు తానే చెప్పును.

తొందరపడువారు ‘ఇన్‌సెక్యూర్’ అను ఆజ్ఞనిచ్చి పరీక్షనే మానిపించుదురు. కనెక్షను కుదురును, మాటలు రహస్యలిపిలోనే పోవును. కాని అవి ఎవరి చెంతకు చేరుచున్నవో తెలియదు. 2021లో కావలివాడు పొరబడెను. 2014లో వాని మాటయే నిజము. రెండు దినములందును వాడు చెప్పినది ఒకే మాట: ‘ఈ ముద్రను నేను నమ్మజాలను.’ కారణము తెలిసికొనక వానిని తొలగించుట, సంఘము ముద్ర చూడకయే ఎమ్మిగనూరు బట్టయని ధర చెల్లించుట వంటిదే.