పాలిచ్చు తల్లి – ఒత్తిడి హార్మోనులు

పాడి పశువులున్న ఇండ్లవారికి ఒక సంగతి చిరకాలముగా తెలియును. దూడను కుడువ విడిచినచో ఆవు చేపును. క్రొత్తవారు పిండబోయినను, కుక్క మీదికి వచ్చి బెదరగొట్టినను, పొదుగు నిండ పాలుండియు ఆవు ఎగచేపును. భయమునకును పాలకును గల ఈ సంబంధమును ప్రయోగములచే నిరూపించుటకు ఇరువదవ శతాబ్దము రావలసివచ్చెను. ఆ పరిశోధనల నడుమ ప్రశ్నయే తలక్రిందులైనది. భయము పాలను ఆపును, సరే. పాలిచ్చుట భయమును ఆపునా?

మెదడు అడుగున బఠాణీ గింజంత పరిమాణములో పీయూష గ్రంథి ఉన్నది. దాని వెనుక భాగము నుండి తీసిన రసము గర్భాశయమును సంకోచింపజేయునని 1906లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు హెన్రీ డేల్ చూపెను. అదే రసము మేక పొదుగు నుండి పాలను వెలికి రప్పించునని 1910లో అమెరికాలో ఆట్, స్కాట్ అను ఇరువురు కనుగొనిరి. ఆ రసములో పనిచేయు పదార్థమే ఆక్సిటోసిన్. పిల్ల చన్ను చీకినపుడు ఆ స్పర్శ నాడుల ద్వారా మెదడునకు చేరును. వెంటనే ఆక్సిటోసిన్ రక్తములో కలసి, పాలు తయారగు చిన్న తిత్తుల చుట్టునున్న కణములను ముడుచుకొనజేయును. పాలు నాళములలోనికి దిగును. దీనిని 1953లో ప్రయోగశాలలో తయారుచేసిన విన్సెంట్ డ్యు విగ్నోకు 1955లో రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను.

మరి భయమేమి చేయును? 1941లో అమెరికాలోని మిన్నెసోటాలో ఈలీ, పీటర్సన్ అనువారు ఆవు వీపుపై పిల్లిని ఉంచి, కాగితపు సంచులను ఊది పగులగొట్టి, ఆవును బెదరించిరి. పాలు దిగుట నిలిచిపోయెను. అడ్రినలిన్ సూదిమందు ఇచ్చినను అట్లే జరిగెను. 1948లో న్యూటన్ దంపతులు మానవులలోను ఈ విషయమును పరీక్షించిరి. తల్లి పాదములను చల్లని నీటిలో ఉంచియు, లెక్కలు అడిగియు కలతపెట్టినపుడు శిశువునకు లభించు పాలు చాల తగ్గెను. పీయూష గ్రంథి రసమును సూది ద్వారా ఇచ్చినచో కలత ఉన్నను పాలు దాదాపు మామూలుగా వచ్చెను. తల్లి వద్ద పాలు లేకపోలేదు. అవి దిగుటకు వలసిన ఆజ్ఞయే ఆగినది.

ఇంతకు పూర్వమే, 1936లో, కెనడాలోని మాంట్రియల్ నగరమున హాన్స్ సెల్యే మరియొక దారిన పోవుచుండెను. చలి, గాయము, అతిశ్రమ, విషము — ఏది తగిలినను ఎలుకల శరీరములో ఒకే విధమైన మార్పులు కలుగుచున్నవని ఆయన నేచర్ పత్రికలో ప్రకటించెను. మూత్రపిండములపైనున్న అధివృక్క గ్రంథులు ఉబ్బును. జీర్ణాశయములో పుండ్లు పడును. ఈ ప్రతిస్పందన ఒక గొలుసువలె నడచునని తరువాత తెలిసెను. మెదడులోని హైపోథాలమస్ అను భాగము పీయూష గ్రంథిని ప్రేరేపించును. పీయూష గ్రంథి అధివృక్కమును ప్రేరేపించును. అధివృక్కము మనుష్యులలో కార్టిజాల్‌ను, ఎలుకలలో కార్టికోస్టిరోన్‌ను విడుదల చేయును. గొలుసులోని మొదటి హార్మోనును 1981లో వైలీ వేల్ బృందము గొఱ్ఱెల మెదళ్ల నుండి వేరుచేసెను.

ఈ రెండు దారులును 1970లో కలిసెను. థోమన్, కానర్, లెవీన్ అనువారు పాలిచ్చు ఎలుకలను తక్కిన ఆడ ఎలుకలతో పోల్చిరి. ఒకే ఒత్తిడికి గురియైనను పాలిచ్చు తల్లులలో అధివృక్క గ్రంథి ప్రతిస్పందన తక్కువగా నుండెను. 1989లో లైట్‌మన్, యంగ్ మరింత లోతునకు పోయిరి. ఒత్తిడి కలిగినపుడు సామాన్యముగా హైపోథాలమస్‌లో మొదటి హార్మోను తయారీ హెచ్చును. పాలిచ్చు ఎలుకలలో అది హెచ్చలేదు. అనగా గొలుసు మొదటి కొక్కెము వద్దనే నెమ్మదించినది. పిల్లలను వేరుచేసినచో పాత ప్రతిస్పందన తిరిగి వచ్చును. కావున దీనిని నిలిపి ఉంచునది పిల్లలు చన్ను చీకుటయే.

ఇచట ఒక పొరపాటునకు తావీయరాదు. పాలిచ్చు ఎలుక రక్తములో సామాన్య సమయమున ఈ హార్మోను తక్కువగా ఉండదు. కొంత హెచ్చుగనే ఉండును. తగ్గునది ఒత్తిడి తగిలినపుడు వచ్చు పొంగు మాత్రమే.

స్త్రీలలోను ఇట్టిది కలదా? 1995లో అమెరికాలో ఆల్టెమస్ బృందము తల్లులను నడకయంత్రముపై వ్యాయామము చేయించి, పాలిచ్చువారిలో కార్టిజాల్ తక్కువగా పెరుగుటను గుర్తించెను. 2001లో జర్మనీలో హైన్‌రిక్స్ బృందము మానసిక ఒత్తిడిని పరీక్షించెను. పరీక్షకు కొద్దిసేపు ముందు శిశువునకు పాలిచ్చిన తల్లులలో కార్టిజాల్ పొంగు తగ్గెను. శిశువును ఊరక ఎత్తుకొన్నవారిలో అంతగా తగ్గలేదు. అనగా మానవులలో ఈ రక్షణ స్వల్పకాలికము.

అట్లయిన పాలిచ్చు తల్లి అపాయమును గ్రహింపలేని మందబుద్ధి యగునా? సెల్యే పనిచేసిన మాంట్రియల్ నగరముననే 2003లో డెషాంప్, వుడ్‌సైడ్, వాకర్ అనువారు దీనికి సమాధానము చెప్పిరి. పిల్లలు దగ్గర లేనపుడు క్రొత్త మగ ఎలుక ప్రవేశించినను, క్రూర జంతువు వాసన సోకినను తల్లి ఎలుకలో ప్రతిస్పందన స్వల్పము. పిల్లలు ప్రక్కన ఉన్నపుడో, ఆ నెమ్మది మాయమై హార్మోను పొంగి వచ్చెను.

ఏ బాధకైనను శరీరము ఒకే తీరున స్పందించునను సెల్యే భావనకు ఇది ముఖ్యమైన సవరణ. ఒత్తిడి హార్మోనులు శరీరములో నిలువయున్న శక్తిని అత్యవసరమునకు మళ్లించును. ఆ శక్తియే పాలకును కావలెను. కావున ప్రతి చిన్న కలతకును దానిని వ్యయము చేయక, పిల్లలకు ముప్పు వచ్చినపుడు మాత్రము వినియోగించు ఏర్పాటు ఇదియని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. అయినను ఈ ఏర్పాటునకు హద్దులున్నవి. గట్టి కలత పాలు దిగుటను ఆపునని 1941, 1948 నాటి ప్రయోగములే చెప్పుచున్నవి. కావున పాలు చాలలేదని బాలింతను నిందించుటకు ముందు, ఆమెకు కలత లేని చోటును, తగిన విశ్రాంతిని ఇంటివారు కల్పించిరా యని విచారించుట న్యాయము.