ఓడెక్కి వచ్చిన ఎర్రచీమ

మా హాస్టల్ సింహాచలం కొండ కింద ఉంది. తొలకరి వానలు పడ్డాక చేతులు కడుక్కునే గట్టు పక్కన, మెట్ల సందుల్లో, ఆటస్థలం అంచున గడ్డి దుబ్బుల మొదట్లో జల్లెడ పట్టినట్టు మెత్తటి మట్టి పొంగుతుంది. దాని మీద కాలు పెడితే ముందు ఏమీ తెలియదు. చీమలు మడమ దాటి పైకెక్కేదాకా ఊరుకుని, అన్నీ ఒకేసారి కుట్టినట్టు ఉంటుంది. "మేడం, నిప్పు కుట్టీసింది" అంటూ ఒక ఏడు ఏడో తరగతి పిల్ల ఏడ్చుకుంటూ నా గదికి వచ్చింది. మర్నాటికి కాలంతా పొక్కులు.

ఆ ఏడాది నేను చేసిన పని ముందు చెప్పాలి. వాచ్‌మన్ చేత ఆ మట్టి చుట్టూ చీమల మందు పొడి చల్లించాను. పనిలో పనిగా ఆవరణలో మామిడి చెట్టు మీద ఆకులు కుట్టి కట్టిన ఎర్రచీమల గూళ్ళు కూడా కర్రకు గుడ్డ చుట్టి కాల్పించేశాను. ఎర్రచీమ ఎర్రచీమే కదా అనుకున్నాను. వారం తిరిగేసరికి మెట్ల దగ్గర పుట్ట ఎండిపోయింది కానీ నాలుగడుగుల అవతల రెండు కొత్తవి లేచాయి. ఆ ఆదివారం పెదబయలు వైపు నుంచి మనవరాలిని చూడటానికి వచ్చిన ఒక తాత మాడిపోయిన గూళ్ళ వైపు చూసి, "వీటినెందుకు కాల్చారమ్మా? ఇవి కరుస్తాయి గానీ కుట్టవు కదా" అన్నాడు.

నేను బీఈడీ చదివాను. ఏళ్ళ తరబడి సైన్సు పాఠాలు చెప్పాను. కరవడానికీ కుట్టడానికీ ఉన్న ఈ తేడా మాత్రం నాకు ఏ పాఠంలోనూ తగల్లేదు. ఆ తాత మాట పట్టుకుని చదవడం మొదలుపెడితే అది నన్ను అయిదు వందల ఏళ్ళు వెనక్కి తీసుకెళ్ళింది.

చెట్టు మీది ఎర్రచీమ మనది. భారతదేశం నుంచి ఆస్ట్రేలియా ఉత్తర తీరం దాకా వేడి నేలల్లో అంతటా ఉంటుంది. తన పిల్ల పురుగుల నోటి పట్టుతో ఆకులు కుట్టి గూడు కడుతుంది. దానికి ముల్లు లేదు. దవడలతో కరిచి ఆ గాటు మీద పులుపు చిమ్ముతుంది. ఆ పులుపు కోసమే మన కొండల్లోనూ ఒడిశాలోనూ బస్తర్‌లోనూ దాన్ని పచ్చడి చేసుకుంటారు. ఒడియాలో కాయి అంటారు, బస్తర్‌లో చాప్డా. మయూర్‌భంజ్ ఆదివాసులు చేసే సిమిలిపాల్ కాయి చట్నీకి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు దక్కింది. చీమలు తినేవాళ్ళని కాలేజీలో మనల్ని ఎగతాళి చేసిన వాళ్ళకు ఈ సంగతి చెప్పండి. చైనాలో అయితే నారింజ తోటల్లో పురుగులు తినడానికి ఈ చీమల గూళ్ళను సంతలో కొని చెట్లకు కట్టేవారని క్రీ.శ. 304 నాటిదిగా చెప్పే ఒక పుస్తకంలో ఉంది.

నేల మీది ఎర్రచీమ కథ వేరు. ఇంగ్లీషులో దాన్ని ఫైర్ యాంట్ అంటారు. నేను మంటచీమ అని రాస్తాను. ఇది దవడలతో చర్మాన్ని పట్టుకుని, ఒళ్ళు వంచి, తోక ముల్లుతో విషం దింపుతుంది. ఒకే చీమ చుట్టూ తిరుగుతూ చాలాసార్లు కుట్టగలదు. భూతద్దం పెట్టి చూడండి. ఒకే పుట్టలో చిన్నవీ పెద్దవీ కలిసి ఉంటాయి. పెద్దవాటిలో కొన్నింటికి ఒంటికి మించిన పలకల్లాంటి తల కనిపిస్తుంది. అది గింజలు నలగ్గొట్టే తల. శాస్త్రంలో దీని పేరు సొలెనాప్సిస్ జెమినాటా.

ఇది మన చీమ కాదు. అమెరికా ఖండం నుంచి వచ్చింది. 1565 నుంచి 1815 దాకా స్పెయిన్ ఓడలు మెక్సికో తీరంలోని అకపుల్కో రేవు నుంచి ఫిలిప్పీన్స్‌లోని మనీలాకు వెండి మోసుకెళ్ళేవి. తిరుగు ప్రయాణంలో పట్టూ సుగంధ ద్రవ్యాలూ తెచ్చుకునేవి. వెండి విలువైనదే గానీ ఓడ నింపేంత ఉండదు. ఖాళీ ఓడ ఒరిగిపోకుండా అడుగున మట్టీ రాళ్ళూ నింపి, మనీలాలో సరుకు ఎక్కించేటప్పుడు ఆ మట్టిని దింపేసేవారు. ఆ మట్టితో పాటు చీమ దిగింది. అక్కడి నుంచి మిగతా ఆసియాకు పాకింది. వివిధ దేశాల చీమల జన్యువులు పోల్చి చూసిన శాస్త్రవేత్తలు 2015లో ఈ దారి బయటపెట్టారు. మనం రోజూ తినే మిరపకాయా మెక్సికో వైపుదే, ఓడెక్కి వచ్చిందే. రెండూ మంటే. ఒకటి కూరలోకి చేరింది, ఒకటి కాలికింద చేరింది.

మన దక్షిణాదిలో ఈ చీమకు రాతలో దొరికే పాత సాక్ష్యం 1851 నాటిది. థామస్ జెర్డన్ అనే మద్రాసు సైన్యపు వైద్యుడు ఆ ఏడాది దక్షిణ భారతదేశపు చీమల జాబితా ఒకటి మద్రాసు పత్రికలో అచ్చువేశాడు. అందులో ఒక ఎర్రచీమకు అట్టా రూఫా అని పేరు పెట్టాడు. అది కొత్త చీమ అనుకున్నాడు. ఫాబ్రిసియస్ 1804లోనే అమెరికా చీమగా పేరు పెట్టినదీ అదీ ఒకటేనని తరవాతి వాళ్ళు తేల్చారు. అప్పటికి మన విశాఖపట్నం జిల్లా మద్రాసు రాజధానిలోనే ఉంది. విశాఖ ఓడరేవులోకి మొదటి ఓడ వచ్చింది 1933లో. అంటే ఈ చీమ విశాఖ పోర్టు కంటే ముందునుంచే దక్షిణాదిలో ఉంది. పోర్టూ, రైల్వే యార్డులూ, స్టీల్ ప్లాంటూ వచ్చాక దానికి నచ్చే నేల ఇక్కడ పెరిగింది. అడవి నీడ దానికి పెద్దగా పడదు. చెట్లు కొట్టి చదును చేసి ఎండ పడనిచ్చిన నేల కావాలి. మా హాస్టల్ ఆటస్థలం అచ్చంగా అలాంటిదే.

కుట్టడం ఒక్కటే కాదు దాని పని. సింహాచలం కొండ అనాసపండుకు పేరు. ఆ అనాస కూడా అమెరికా మొక్కే. దాని మొదట్లో పట్టే పిండినల్లి కార్చే తీపి కోసం మంటచీమలు ఆ నల్లిని కాపలా కాస్తాయి. హవాయి అనాస తోటల్లో నల్లి వల్ల మొక్కలు వాడిపోతుంటే, ముందు చీమల పని పట్టాలని అక్కడి రైతులు నేర్చుకున్నారు.

ఈ చీమను వదిలించుకోవడానికి మనుషులు పడ్డ పాట్లు పెద్ద చరిత్ర. 1518, 1519 ప్రాంతాల్లో కరీబియన్ సముద్రంలోని హిస్పానియోలా దీవిలో చీమలు విరుచుకుపడ్డాయి. అక్కడి ఆదివాసులైన తాయినోల పక్షాన మాట్లాడిన బార్తొలొమె దె లాస్ కాసాస్ అనే మతగురువు ఈ సంగతి రాసిపెట్టాడు. తాయినోలను గనుల్లో పెట్టి అరగదీసి, వాళ్ళ నేల మీద స్పెయిన్ వాళ్ళు నారింజ, దానిమ్మ, రేల తోటలు వేశారు. రేల అంటే మన రేల చెట్టే. దాని కాయ మందుకు అమ్ముడుపోయేది. చీమలు ఆ తోటల్ని ఎండబెట్టేశాయి. రాత్రి నిద్రపోవాలంటే మంచం నాలుగు కోళ్ళ కింద నీళ్ళ తొట్లు పెట్టుకోవాల్సి వచ్చింది. మనం బియ్యం డబ్బా కింద నీళ్ళ పళ్ళెం పెట్టడం లేదూ, అలాగే. ఒక మఠంలో సన్యాసులు డాబా మీద పాదరసపు విషం ముద్ద పెట్టారు. చీమలు వచ్చి దాన్ని కొరికి కుప్పలుగా చచ్చాయి. ఎన్ని చచ్చినా అన్ని వచ్చాయి. చివరికి విసిగిపోయి చీట్లు వేసి ఒక పుణ్యపురుషుణ్ణి ఎంచుకుని ఆయనకు మొక్కుకున్నారు. ఆ చీమ మన మెట్ల కింద ఉన్న జెమినాటాయే అయి ఉంటుందని 2005లో ఎడ్వర్డ్ విల్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త వివరించాడు.

ఆ విల్సన్ సంగతి మీ వయసు వాళ్ళు తెలుసుకోవాలి. 1942లో, పదమూడేళ్ళ కుర్రాడిగా, అలబామాలోని మొబీల్ రేవు దగ్గర తనుండే వీధిలో అతను ఒక కొత్త చీమల పుట్ట గమనించాడు. అది జెమినాటాకు దాయాది. ఇన్విక్టా అని పేరు. దక్షిణ అమెరికా నుంచి ఓడల్లో వచ్చి దిగింది. అది అమెరికా దక్షిణ రాష్ట్రాలంతా పాకితే 1957 తరవాత ప్రభుత్వం విమానాలతో లక్షల ఎకరాల మీద హెప్టాక్లోర్, డీల్డ్రిన్ చల్లించింది. పిట్టలు చచ్చాయి. పశువులు చచ్చాయి. రేచల్ కార్సన్ 1962లో రాసిన సైలెంట్ స్ప్రింగ్ పుస్తకంలో ఈ చీమల యుద్ధాన్ని గట్టిగా నిలదీసింది. తరవాత మైరెక్స్ అనే ఇంకో మందు వాడి, 1978 నాటికి అదీ ఆపేశారు. ఆ మందులు మంటచీమతో పాటు దానికి అడ్డుపడే స్థానిక చీమల్ని కూడా తుడిచేశాయి. ఖాళీ అయిన నేలను అందరికంటే ముందు తిరిగి ఆక్రమించింది మంటచీమే.

ఇక్కడికి వచ్చేసరికి నేను చదవడం ఆపి కాసేపు కిటికీ లోంచి మామిడి చెట్టు కేసి చూశాను.

గెలిచిన చోట్లూ ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని కకాడు పార్కును అక్కడి ఆదివాసులు ప్రభుత్వంతో కలిసి చూసుకుంటారు. అందులో కొన్ని చోట్ల చేరిన జెమినాటాను అది విస్తరించకముందే గుర్తించి, ఒక్కో పుట్టా వెతికి నిర్మూలించారు. మన పక్కనే, పూరీ జిల్లా బ్రాహ్మణసాహి ఊళ్ళో 2022 సెప్టెంబరులో వరద తరవాత చీమలు ఇళ్ళమీద పడితే కొన్ని కుటుంబాలు బంధువుల ఇళ్ళకు వెళ్ళిపోయాయి. భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు వచ్చి, ముందు రాణి చీమలు ఎక్కడున్నాయో పట్టుకోవాలన్నారు. కిటుకంతా అదే. పొడి చల్లితే తిండికి బయటికొచ్చిన చీమలే చస్తాయి. రాణి లోపల గుడ్లు పెడుతూనే ఉంటుంది. కూలి చీమలు గట్టి తిండిని మింగలేవు. లోపలి పిల్ల పురుగులకు పెడితే అవి అరిగించి ద్రవంగా అందరికీ పంచుతాయి. అందుకే నూనె పట్టించిన ఎరలో నెమ్మదిగా పనిచేసే మందు ఉంటేనే అది రాణి దాకా చేరుతుంది. మన ఇళ్ళల్లో ఒకప్పుడు చేతులతో చల్లిన గమాక్సిన్ పొడి బీహెచ్‌సీయే. దాన్ని 1997లో నిషేధించారు. పాత డబ్బా ఎవరింట్లోనైనా అటక మీద ఉంటే ముట్టుకోకండి.

ఇప్పుడు మా దగ్గర జూలైలో తొమ్మిదో తరగతి పిల్లలు ఆవరణంతా తిరిగి పుట్ట కనిపించిన ప్రతి చోటా ఒక పుల్ల గుచ్చి నోటుబుక్కులో రాస్తారు. పలకతల చీమ ఉంటేనే ఎర్ర గుడ్డ కడతారు. ఎండ తగిలి పిల్ల పురుగులు పైకొచ్చే పొద్దుటి వేళ, వంటమనిషీ వాచ్‌మనూ పుట్టకు పది లీటర్ల చొప్పున మరిగే నీళ్ళు పోస్తారు. పిల్లల్ని ఆ దగ్గరికి రానివ్వం. ఒక్కసారికి పోదు. వారం ఆగి మళ్ళీ పోయాలి. ఎర మందు మెట్ల దగ్గర మొండి పుట్టలకే, అదీ పిల్లలు సెలవుల్లో ఉన్నప్పుడే. చిక్కీ ముక్కలూ గుడ్డు పెంకులూ అరుగు మీద పడేస్తే ఊరుకోను. నూనె వాసనంటే ఆ చీమలకు ప్రాణం. ఎవరినైనా కుడితే దులిపేసి, సబ్బుతో కడిగి, చల్లటి గుడ్డ వేస్తాం. పొక్కు చిదమనివ్వం. ముఖం వాచినా ఊపిరి ఆడకపోయినా చిట్కాలు లేవు, వెంటనే 108.

పుల్లలు ఏటేటా తగ్గుతున్నాయి. మెట్ల దగ్గర నిరుడు ఒక్కటే. మామిడి చెట్టు మీద మాత్రం కాయి ఇంకా ఒక్క గూడూ కట్టలేదు.