ముప్ఫై మూడేళ్లు ఒకే శిక్షకుడు: డేవిడ్‌సన్‌ కళాశాల బాస్కెట్‌బాల్‌ బృందం

అమెరికాలోని నార్త్‌ కరోలినా రాష్ట్రంలో, షార్లెట్‌ నగరానికి ఉత్తరంగా సుమారు 20 మైళ్ల దూరంలో డేవిడ్‌సన్‌ అనే చిన్న పట్టణం ఉంది. 1837లో ప్రెస్బిటేరియన్‌ క్రైస్తవులు అక్కడ నెలకొల్పిన కళాశాలలో నేటికీ విద్యార్థుల సంఖ్య రెండు వేలకు అటూఇటూగానే ఉంటుంది. బాస్కెట్‌బాల్‌ దిగ్గజం స్టీఫెన్‌ కర్రీ ఆ కళాశాల విద్యార్థే. కర్రీ పేరు తెలియని క్రీడాభిమాని అరుదు. ఆయనను ఎంపిక చేసి, నేర్పి, నిలబెట్టిన శిక్షక బృందం గురించి మాత్రం మన పాఠకులకు తెలిసింది స్వల్పమే.

బెంచీపై ఎవరెవరు?

మన డిగ్రీ కళాశాలల్లో కబడ్డీ నుంచి క్రికెట్‌ వరకు అన్ని ఆటలకూ సాధారణంగా ఒకే ఒక్క ఫిజికల్‌ డైరెక్టర్‌ ఉంటారు. అమెరికా కళాశాలల క్రీడలను నిర్వహించే ఎన్‌సీఏఏ సంస్థ మొదటి శ్రేణిలో పరిస్థితి వేరు. పురుషుల బాస్కెట్‌బాల్‌ జట్టుకు ఒక ప్రధాన శిక్షకుడు, ముగ్గురు సహాయ శిక్షకులు ఉండటం చాలాకాలంగా వస్తున్న ఏర్పాటు. 2023 జూలై నుంచి మరో ఇద్దరు సహాయకులకు మైదానంలో నేర్పే అనుమతి లభించింది. వీరు కాక ప్రయాణాలు, బస చూసే నిర్వాహకుడు, దేహదారుఢ్య శిక్షకుడు, గాయాలకు చికిత్స చేసే నిపుణుడు ఉంటారు.

సహాయ శిక్షకుడి పనిలో బయటివారికి కనిపించేది బహు తక్కువ. ఉన్నత పాఠశాలల మ్యాచ్‌లకు ఊరూరా తిరిగి బాలురను గమనించడం, వారి తల్లిదండ్రులతో మాట్లాడటం ఆ పనిలో పెద్ద భాగం. రెండోది ప్రత్యర్థి పరిశీలన. సీజన్‌లోని ప్రత్యర్థి జట్లను సహాయకులు పంచుకుంటారు. తన వంతుకు వచ్చిన జట్టు పాత మ్యాచ్‌ల దృశ్యాలను ఒక్కొక్కరూ పదేపదే చూసి, ఏ ఆటగాడు ఏ చేతివైపు మొగ్గుతాడు, చివరి నిమిషంలో బంతి ఎవరికి అందిస్తారు వంటి వివరాలను గుదిగుచ్చి జట్టుకు వివరిస్తారు. డేవిడ్‌సన్‌ వంటి చోట మరో చిక్కు ఉంది. కళాశాల ప్రవేశ ప్రమాణాలు కఠినమైనవి. ఎంత ఎత్తుకు ఎగిరినా, చదువులో నిలబడలేని కుర్రవాణ్ని తీసుకోవడం సాధ్యం కాదు. కాబట్టి పెద్ద విశ్వవిద్యాలయాలు చూసే జాబితాలో వీరికి మిగిలేది కొద్దిమందే.

ఓటమితో ఆరంభం

న్యూయార్క్‌ రాష్ట్రంలోని లాంగ్‌ ఐలండ్‌ లూథరన్‌ ఉన్నత పాఠశాలలో శిక్షకుడిగా పేరు పొందిన బాబ్‌ మెకిల్లప్‌ 1989లో ఈ జట్టు బాధ్యతలు చేపట్టారు. తొలి సీజన్‌లో జట్టు 4 మ్యాచ్‌లు గెలిచి 24 ఓడిపోయింది. ఇటువంటి ఫలితం తర్వాత శిక్షకుణ్ని ఇంటికి పంపే కళాశాలలు అమెరికాలో కోకొల్లలు. డేవిడ్‌సన్‌ అలా చేయలేదు. అయినా ఎన్‌సీఏఏ జాతీయ టోర్నమెంటుకు ఆయన జట్టు తొలిసారి చేరినది 1998లోనే. అంటే యాజమాన్యం దాదాపు తొమ్మిదేళ్లు ఓపిక పట్టింది. ఈ జట్టు కథలో కర్రీ రాక కంటే ఆ ఓపికే ముఖ్యమైన ఘట్టమని చెప్పవచ్చు.

నమ్మకం, నిబద్ధత, శ్రద్ధ అనే మూడు మాటలను మెకిల్లప్‌ జట్టుకు సూత్రంగా ఇచ్చారు. వాటి ఇంగ్లిష్‌ తొలి అక్షరాలు ‘టీసీసీ’ని కర్రీ వృత్తి క్రీడాకారుడయ్యాక కూడా తన బూట్లపై ఉంచుకున్నారు.

మెకిల్లప్‌ కుమారుడు బ్రెండన్‌, కర్రీ చిన్నతనంలో ఒకే బేస్‌బాల్‌ జట్టులో ఆడారు. ఆ విధంగా కర్రీని ఆయన ముందునుంచీ ఎరుగుదురు. బక్కపలుచగా ఉన్నాడని పెద్ద విశ్వవిద్యాలయాలు కర్రీపై ఆసక్తి చూపలేదు. 2006 నవంబరులో ఈస్టర్న్‌ మిషిగన్‌పై ఆడిన తొలి మ్యాచ్‌లోనే కర్రీ 13 సార్లు బంతిని పోగొట్టుకున్నారు. అయినా మెకిల్లప్‌ ఆయనను పక్కన పెట్టలేదు. మరునాడు మిషిగన్‌ విశ్వవిద్యాలయంపై కర్రీ 32 పాయింట్లు సాధించారు.

2008: ఒక్క షాట్‌ దూరంలో

2007-08 సీజన్‌ ఆరంభంలో డేవిడ్‌సన్‌ నార్త్‌ కరోలినా, డ్యూక్‌, యూసీఎల్‌ఏ వంటి మేటి జట్లతో తలపడి ఓడింది. తొలి పది మ్యాచ్‌లలో గెలుపులు నాలుగే. బలమైన జట్లతో కావాలనే ఆడించిన ఆ ఓటములే తర్వాత అక్కరకు వచ్చాయి. అక్కడి నుంచి వరుసగా 22 మ్యాచ్‌లు గెలిచి జాతీయ టోర్నమెంటులో అడుగుపెట్టిన జట్టు గొంజాగాను 82-76తో, జార్జ్‌టౌన్‌ను 74-70తో, విస్కాన్సిన్‌ను 73-56తో ఓడించింది. 1969 తర్వాత ఈ టోర్నమెంటులో డేవిడ్‌సన్‌కు గెలుపు దక్కడం అదే మొదటిసారి. డెట్రాయిట్‌ మ్యాచ్‌లకు వెళ్లదలచిన విద్యార్థుల బస్సు, బస, టికెట్ల ఖర్చును కళాశాల ధర్మకర్తలే భరించడం విశేషం.

ఫైనల్‌ ఫోర్‌కు చేరవేసే మ్యాచ్‌లో కాన్సాస్‌ 59-57తో ముందుంది. చివరి క్షణాల్లో బంతి కర్రీ చేతిలో ఉంది. ప్రత్యర్థులు చుట్టుముట్టగా ఆయన జేసన్‌ రిచర్డ్స్‌కు అందించారు. రిచర్డ్స్‌ విసిరిన దూరపు షాట్‌ బుట్టలో పడలేదు. ఆ ఏడాది జాతీయ విజేత కాన్సాసే.

వెళ్లినవారు, నిలిచినవారు

ఆ బృందంలో మెకిల్లప్‌ కుడిభుజం మ్యాట్‌ మాథినీ. మెకిల్లప్‌ వద్దనే ఆడి, 1993 నుంచి సహాయకుడిగా 16 సీజన్లు పనిచేసిన ఆయన 2009లో ఎలాన్‌ విశ్వవిద్యాలయానికి ప్రధాన శిక్షకుడయ్యారు. అప్పట్లో ఎలాన్‌ కూడా డేవిడ్‌సన్‌ ఉన్న సదరన్‌ కాన్ఫరెన్స్‌లోనిదే కావడంతో గురుశిష్యులు ఎదురెదురు బెంచీలపై కూర్చోవలసి వచ్చింది. మరో సహాయకుడు జిమ్‌ ఫాక్స్‌ 2014లో అపలాచియన్‌ స్టేట్‌కు ప్రధాన శిక్షకుడిగా వెళ్లారు. డేవిడ్‌సన్‌ కూడా అదే ఏడాది బలమైన అట్లాంటిక్‌ 10 కాన్ఫరెన్స్‌లోకి మారింది. మెకిల్లప్‌ మాత్రం కదలలేదు. 2022లో విరమించేనాటికి 33 సీజన్లు పూర్తిచేసి, జట్టును పదిసార్లు జాతీయ టోర్నమెంటుకు చేర్చారు. చివరి మ్యాచ్‌లో మిషిగన్‌ స్టేట్‌ చేతిలో 74-73తో, ఒక్క పాయింటు తేడాతో ఓడారు.

ఆయన స్థానంలోకి వచ్చినది కుమారుడు మ్యాట్‌ మెకిల్లప్‌. 2008 నుంచి సహాయకుడిగా ఉన్న ఆయన కూడా ఈ జట్టు పూర్వ ఆటగాడే. తండ్రి కుర్చీ కుమారుడికి అనే మాట రాకపోదు. అయితే ఆ కుర్చీ 1989 నాటిది కాదు. 2021 నుంచి ఆటగాళ్లు ఏడాది విరామం లేకుండానే కళాశాల మారవచ్చు. తమ పేరు, ప్రతిరూపంపై డబ్బు సంపాదించే అనుమతీ అదే ఏడాది జూలైలో లభించింది. డేవిడ్‌సన్‌లో నాలుగేళ్లు ఆడిన కెల్లన్‌ గ్రేడీ 2021లో తన చివరి ఏడాదికి కెంటకీ వెళ్లారు. మిషిగన్‌ స్టేట్‌ నుంచి ఫాస్టర్‌ లోయర్‌ ఇక్కడికి వచ్చారు. 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందం ప్రకారం కళాశాలలే ఆటగాళ్లకు నేరుగా చెల్లించవచ్చు. 2025-26కు ఒక్కో కళాశాలకు ఆ పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. రెండు వేల మంది విద్యార్థులున్న కళాశాల ఆ గరిష్ఠ మొత్తంతో పోటీ పడటం ఊహకందని విషయం. కుర్రవాణ్ని మొదటి ఏడాది తెచ్చి నాలుగో ఏడాదికి పండించే పద్ధతికే ఇది గండి కొట్టింది. తర్ఫీదు పొందిన ఆటగాణ్ని మూడో ఏడాది మరొకరు ఎగరేసుకుపోతే సహాయ శిక్షకుడి శ్రమంతా పరాయి ఖాతాలో పడుతుంది.

ఈ పరిస్థితుల్లో 2025 మార్చిలో కళాశాల ఒక కొత్త ఏర్పాటు చేసింది. జట్టుకు జనరల్‌ మేనేజర్‌ పదవిని ఆస్టిన్‌ బంట్జ్‌కు అప్పగించి, సహాయ జనరల్‌ మేనేజర్‌గా స్టీఫెన్‌ కర్రీని నియమించింది. ఆటగాళ్లకు మద్దతుగా కర్రీ తదితరుల విరాళంతో నిధిని కూడా ప్రకటించింది.